పటము కట్టుట, పటమును గాచుట

ద్రాక్షారామ భీమేశ్వరాలయమునకు బోయిన పండితుడు దైవదర్శనముతోనే మరలి రాడు. గోడలందును స్తంభములందును చెక్కబడిన శాసనముల యెదుట గొంతసేపైనను నిలువక తప్పదు. చాళుక్య చోడ చక్రవర్తుల కాలమునను, వెలనాటి ప్రభువుల కాలమునను ఇచ్చిన యఖండదీపముల వృత్తాంతములు, భూదానములు, దాతల పేరులు ఆ ఱాళ్లమీద నిప్పటికిని జదువుకొన వీలుగా నున్నవి. 1923లో వెలువడిన దక్షిణభారత శాసనముల నాల్గవ సంపుటమున వానిలో బెక్కు ప్రకటింపబడినవి. దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందట నొక గృహస్థుడు వెలిగించిన దీపము నేడు లేదు గాని, దానిని వెలిగించినవాని పేరు మాత్రము నిలిచియున్నది.

ఆలయము వెలుపలికి వచ్చి, ఈ ప్రాంతమునందలి యే పాత పెంకుటింటి సావిడిలోనికి జూచినను వేఱొక దృశ్యము కానవచ్చును. గోడకు వరుసగా పటములు వ్రేలాడుచుండును: రవివర్మ ముద్రాలయమున నచ్చొత్తిన లక్ష్మీ సరస్వతులు, పెద్దల ఛాయాచిత్రములు, బడిలో ఉపాధ్యాయులును విద్యార్థులును గూడి తీయించుకొన్న చిత్రము, చేయి తిరిగిన చుట్ట మొకడు వ్రాసిన నీటిరంగుల బొమ్మ. ఇవి తొమ్మిదివందల యేండ్లవి కావు. నూఱేండ్లు నిండనివే హెచ్చు. అయినను సరస్వతీదేవి పాదములు గోధుమవన్నె మరకలో మునిగిపోయినవి. తాతగారి ముఖమున బూజు చుక్కలు చుక్కలుగా వ్యాపించినది. నీటిరంగుల యాకాశము వెలిసి తెల్లవాఱినది.

కాగితమునకును ఱాతికిని పోలిక యేమి, గోదావరీ ప్రాంతపు తేమకు కాగితము నిలుచునా యని యెవరైన ననవచ్చును. కాని తాటియాకు ఱాయి కాదుగదా! 1911లో స్థాపితమై, పిదప కాకినాడకు దరలివచ్చిన యాంధ్రసాహిత్యపరిషత్తు ఊరూరను తిరిగి సేకరించిన తాళపత్రగ్రంథములు ఈ తేమలోనే, ఈ చెదల నడుమనే, ఈ పెంకుటిండ్ల యటకలమీదనే తరములు గడపినవి. కావున దోష మంతయు శీతోష్ణస్థితిదని చెప్పి చేతులు ముడుచుకొన వీలులేదు. మన యిండ్లలోని చిత్రములలో బెక్కింటిని చెఱచినది వానిని రక్షింపవలెనని మనము కట్టించిన పటమే. ఈ విషయమును సహేతుకముగా వివరించుట యీ వ్యాసోద్దేశము.

ముందుగా పటమను మాటను విచారింతము. సంస్కృతమున దానికి వస్త్రమని యర్థము. గుడ్డపై వ్రాసిన బొమ్మ చిత్రపటమైనది. కాలక్రమమున విశేషణము జాఱిపోయి తెనుగున పటమనగా చిత్రమే యైనది. దేశపటము, గాలిపటము మొదలగు మాటలందు వస్త్రార్థము పూర్తిగా మఱుగుపడినది. నేడు పటము కట్టించుట యనగా చిత్రమునకు అద్దమును, చట్రమును, వెనుకపలకను అమర్పించుట. ఈ యర్థపరిణామము వెనుక నొక యాచారపరిణామము గలదు. తెనుగుదేశమున గుడ్డపై వ్రాసిన చిత్రము పూర్వము ఎల్లవేళల గోడకు వ్రేలాడుచుండెడిది కాదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురును సుద్దమట్టిని బట్టించిన గుడ్డపై వ్రాసిన పొడవైన కథాపటములను, కథ చెప్పువారు విప్పుచు జూపి, కథ ముగియగానే చుట్టి దాచుచుండిరి. చిత్రమునకు వెలుతురు సోకునది కొన్ని గడియలు. తక్కిన కాలమంతయు చీకటి, విశ్రాంతి. 1894లో రవివర్మ ముద్రాలయము బొంబాయిలో వెలసిన పిదప రంగుల దేవతాచిత్రములు సామాన్యుల యిండ్లకు విరివిగా రాసాగినవి. వానితోనే అద్దపు పటము ఇంటింట నెలకొన్నది. అనగా కాగితపుబొమ్మను అద్దము క్రింద పెట్టి గోడమీద నెల్లకాలము నిలుపుట మనకు నూఱేండ్లకు గొంచె మెక్కువైన యలవాటు మాత్రమే. వడ్రంగపు నేర్పు మనకు బూర్వమునుండి యున్నది గాని, కాగితపు స్వభావము నెఱిగి చట్రము కట్టుట యను విద్య యీ యలవాటుతో గూడ రాలేదు.

అట్టి విద్యకు మూలసూత్రములు మన తాళపత్రపు కట్టలోనే యున్నవి. ఆ కట్టను విప్పి చూచినవారికి దాని కూర్పు తెలియును. ఆకులకు బైనను క్రిందను ఆకులకంటె నించుక పెద్దవియగు రెండు కొయ్యపలకలు. రంధ్రముల గుండ దూర్చిన యొక త్రాడు. పైని చుట్టిన గుడ్డ. ఇందు జిగురు లేదు, మేకు లేదు. ఆకు వంగకుండ పలక పట్టుకొనును గాని, అంటుకొనదు. త్రాడు విప్పిన ఏ యాకు నైనను వేఱుచేసి చూడవచ్చును, తుడువవచ్చును, మఱల గట్టవచ్చును. ప్రతివ్రాయు లేఖకులు గ్రంథాంతమున నూనెనుండియు, నీటినుండియు, సడలిన కట్టునుండియు గ్రంథమును గాపాడుడని వేడుకొనుట మనమెఱిగినదే. వారు సడలిన కట్టును నిందించిరి. కాని విడదీయరాని కట్టును గోరలేదు. సడలక పట్టుకొనవలెను, కోరినప్పుడు విడిపోవలెను. పటము కట్టువాని విద్యయంతయు నీ రెండు మాటలలో నిమిడియున్నది.

మా యింటి వృత్తాంత మొకటి యిచట జెప్పవలసియున్నది. మా తాతగారు ఈ ప్రాంతమున నొక పాఠశాలలో తెలుగు పండితులు. ఆయన శిష్యు డొకడు భీమేశ్వరాలయ గోపురమును, సప్తగోదావర పుష్కరిణిని నీటిరంగులతో వ్రాసి గురుదక్షిణగా సమర్పించెను. తాతగారు సంతసించి దాని వెనుక ఆ శిష్యుని పేరును, తేదిని, అతని నాశీర్వదించుచు రెండు పద్యములను స్వహస్తమున వ్రాసిరట. తాతగారి యనంతరము ఆ బొమ్మ చెడిపోవునేమో యను భయముతో మేమే దానిని పటము కట్టించితిమి. కట్టినవాడు మా కోరిక ప్రకారమే శీఘ్రముగను చౌకగను కట్టి యిచ్చెను. సిద్ధముగా నున్న చట్రమునకు సరిపడునట్లు అంచులను కోసెను. మైదాజిగురుతో బొమ్మను అట్టకు నిండుగా నంటించెను. దానిపైననే యద్దమును బిగించెను. ముప్పది వర్షాకాలములు గడచిన పిమ్మట విప్పి చూచితిమి. ఆకాశమును గోపురశిఖరమును అద్దమునకు నంటుకొనిపోయినవి. పద్యములు జిగురు వెనుక నున్నవి. వానిని కంఠస్థము చేసినవారు కాని, వేఱొక కాగితమున వ్రాసియుంచినవారు కాని మా యింట నొక్కరును లేరు.

ఇందు పనివాని నే ననను. మేము అడుగవలసిన దేమో మాకే తెలియలేదు. అది తెలియుటకు చట్రములోపల జరుగు కార్యము నొక్కొక్కటిగా బరిశీలింపవలయును.

మొదటిది అద్దము. పగటి వేడిమికి కాగితమునందలి తేమ వెలుపలికి వచ్చును. రాత్రి చల్లబడినప్పుడు అది యద్దపు లోపలితట్టున చెమటవలె బట్టును. చిత్రము అద్దమునకు దగిలియున్నచో ఆ చెమ్మ నేరుగ రంగులోనికి దిగును. గాలియందలి తేమ నూటికి అఱువదియైదు, డెబ్బది పాళ్లు దాటి నిలిచినచో బూజునకు దగిన తావు సిద్ధమగును. మన తీరమున వర్షాకాలమందలి గాలి యట్టిదే. ఛాయాచిత్రముల పైపొర జంతుసంబంధమైన జెలటిన్ అను జిగురుపదార్థము. అది తడిసి మెత్తబడి, ఆఱునప్పుడు అద్దము నంటుకొనును. పిదప దానిని లాగినచో ముఖము అద్దముతో వచ్చును, వట్టి కాగితము చేతిలో మిగులును.

రెండవది వెనుకనున్న అట్ట. పూర్వము గుడ్డపీలికలతో చేసిన కాగితము దృఢమైనది. 1807లో జర్మనీదేశీయుడగు ఇల్లిగ్ అనునతడు పటికను సర్జరసమును గలిపి కాగితమునకు బదును పెట్టు పద్ధతిని ప్రకటించెను. ఆ శతాబ్ది మధ్యమునుండి కొయ్యగుజ్జుతో కాగితము చేయుట వ్యాపించెను. పటిక వలనను, కొయ్యయందలి లిగ్నిన్ వలనను ఆమ్లము పుట్టి కాగితపు నారను ద్రుంచును. చౌకబారు అట్ట యీ జాతిలోనిదే. దానికి దగిలియున్న చిత్రము తాను మంచి కాగితమైనను పొరుగువాని యామ్లమును గ్రహించి పసుపువన్నెకు దిరిగి పెళుసగును. పెట్టెలకు వాడు పలుచని పలకలను వెనుక నమర్చినచో పలకల సందులును ముడులును చిత్రముపై గోధుమవన్నె గీతలుగా దిగును. పాత పటములందు నిలువుగా గానవచ్చు చారల కిదియే కారణము.

మూడవది జిగురు. మైదాజిగురు పురుగులకు విందు. వెండివలె మెఱయుచు జాఱిపోవు సన్నపు పురుగు దానికొఱకే కాగితపు పైపొరను గీకి తినును. పురుగు పట్టకుండుటకై కొందఱు జిగురులో మైలుతుత్తము గలుపుదురు. పురుగు చచ్చును గాని, మైలుతుత్తమునందలి రాగి కాగితపు నారను క్షీణింపజేయును. పైగా నిండుగా నంటించిన కాగితము తేమకు సాగుటకును, ఎండకు ముడుచుకొనుటకును తావులేక ముడుతలు పడి పగులును.

నాల్గవది మన భక్తి. దేవుని పటమునకు అద్దముపై గంధమును కుంకుమను పెట్టుదుము. మఱునాడు తడిగుడ్డతో తుడుతుము. ఆ నీరు అద్దముమీద క్రిందికి జాఱి చట్రపు గాడిలో నిలుచును; కాగితము వత్తివలె దానిని పైకి బీల్చుకొనును. దేవతల పాదములే ముందుగా చెడుటకు గారణ మిదియే. తడిపూలదండ పైనుండి యిట్లే చేయును. దీపపు మసియు, కర్పూరధూమమును సందులనుండి లోపలికి బోవును.

ఐదవది వెలుతురు. చిత్రశాలలందు నీటిరంగుల చిత్రములకు ఏబది లక్సులకు మించిన వెలుతురు తగదని నియమము. మన నడిమధ్యాహ్నపు టెండ లక్ష లక్సుల వఱకు నుండును. వెలిసిన రంగు మఱల రాదు. చీకటిలో నుంచినను పోయినది పోయినట్లే. సామాన్యమైన యద్దము దీని నడ్డజాలదు. వాకిటి కెదురుగా నున్న గోడ చూచుటకు సొంపైనదే కాని, నీటిరంగుల బొమ్మకు వధ్యస్థానము.

ఇక కోత. ఇది పరిశోధకులు ముఖ్యముగా గమనింపవలసినది. ఆశ్వాసాంతగద్యను, ప్రతివ్రాసినవాని వాక్యమును చించివేసిన తాళపత్రగ్రంథమును చూచి మనమెంత బాధపడుదుమో తెలిసినదే. కర్తృకాలనిర్ణయమునకు నాధారమైన మాటలు తఱచుగా నచ్చటనే యుండును. చిత్రమునకు అంచు అట్టిది. అచ్చుబొమ్మ యడుగున ముద్రాలయపు పేరుండును. చేతివ్రాత బొమ్మకు మూలను చేవ్రాలుండును. బడి ఛాయాచిత్రపు అట్టమీద నిలిచినవారి పేరులు, కూర్చున్నవారి పేరులు వరుసగా నుండును. చట్రమునకు సరిపోదని ఆ యంచును గోయుట చిత్రముయొక్క గద్యను గోయుట. చట్రమును చిత్రమునకు సరిపఱుపవలెను గాని, చిత్రమును చట్రమునకు గాదు. వెనుకతట్టు సంగతియు నిట్టిదే.

ఇంతకు పటము నెట్లు కట్టవలెను? చిత్రమునకు వెనుక నొక యట్ట, ముందు కిటికీవలె నడుమ కోసిన మఱియొక యట్ట యుండవలెను. రెండును ప్రత్తినారతో, ఆమ్లము లేకుండ చేసినవి కావలెను. కిటికీయట్ట అందమునకు మాత్రమే యని పలువురు తలంతురు. దాని ముఖ్యమైన పని అద్దము చిత్రమునకు దగులకుండ ఎడముగా నుంచుట. పాత ఛాయాచిత్రమునకు అట్ట యక్కఱలేదనువారు చట్రపు గాడిలో అద్దము చుట్టును సన్నని బద్దీనైన నమర్పించుకొనవలెను. చిత్రమును వెనుకయట్టకు నిండుగా నంటింపక, పైయంచున రెండుచోట్ల మాత్రము పలుచని, నార పొడవైన జపానుకాగితపు ముక్కలతో తగిలింపవలెను. జిగురు గోధుమసారముతో చేసినది. పిండిముద్దను నీటిలో పిసికి కడిగినప్పుడు అడుగున దేరు తెల్లని పదార్థమే ఆ సారము. దానిని ఉడికించిన జిగురు ఎన్నాళ్లకైనను తగుమాత్రపు తడితో వదలును. ఛాయాచిత్రమునకు జిగురే యక్కఱలేదు. నాలుగు మూలలకు కాగితపు సంచులవంటివి మడిచి, వానిలో మూలలను దూర్చినచో చాలును. వెనుక పలకకును అట్టకును నడుమ తడవు పడని పొర యొకటి. చట్రమునకును పలకకును గల సందు పురుగు దూఱకుండ కాగితపు బద్దీతో మూయుట. చట్రపు క్రిందిమూలలకు రెండు బెండుముక్కలు. ఈ ముక్కలవలన పటము గోడకు అంటక అరయంగుళము ఎడముగా నుండి వెనుక గాలియాడును. వాననీరు చిమ్ము వెలిగోడకు పటమును తగిలింపరాదు. తైలవర్ణచిత్రపు మర్యాద వేఱు: గుడ్డను మేకులతో బిగించిన లోచట్రపు మూలలందు చిన్న చీలలుండును, గుడ్డ సడలినప్పుడు వానిని మెల్లగా లోపలికి గొట్టి బిగువు తెత్తురు. దానిని పలకకు నంటించుట యెన్నడును దగదు.

ఇదంతయు ధనవంతులకే యని శంకింపవచ్చును. చట్రపు కొయ్యమీదను, బంగారురేకుమీదను పెట్టు సొమ్ములో గొంత తగ్గించినచో మంచి యట్టకు చాలును. జిగురు వలదనుటకును, కోయవలదనుటకును దమ్మిడీ యక్కఱలేదు. పటము కట్టువానితో చెప్పవలసిన మాటలు మూడే: అద్దము బొమ్మకు దగులరాదు, బొమ్మను అట్టకు నంటింపరాదు, అంచు కోయరాదు. ఈ మూడు చెప్పిన పిదప చేతకాదనువాడు అరుదు.

చెడినదానిని బాగుచేయుట మఱింత జాగ్రత్తతో గూడిన పని. అజంతా గుహాచిత్రముల కథ యిందులకు నిదర్శనము. వానిని నిలుపదలచి హైదరాబాదు సంస్థానమువారు 1920లో ఇటలీనుండి సెక్కోనీ మొదలగు నిపుణులను రప్పించిరి. వారు ఊడిపోవుచున్న పొరలను గోడ కంటించుట మేలే చేసినది. కాని రంగు మెఱయుటకును నిలుచుటకును పూసిన లక్కపూత కాలక్రమమున పసుపువన్నెకు దిరిగి చిత్రములను మఱుగుపఱచెను. స్వాతంత్ర్యానంతరము దశాబ్దములపాటు ఆ పూతను మెల్లగా తొలగించుటయే పురావస్తుశాఖకు బనియైనది. చేసినవారు అసమర్థులు కారు. నాటి జ్ఞానమున కదియే యుత్తమము. కనుకనే నేటి నిపుణులు మొదట విచారించునది యొక్కటే: నేను చేసినదానిని రేపు నాకంటె దెలిసినవాడు తీసివేయగలడా? తాళపత్రపు త్రాడు చెప్పినదియు నిదియే.

గోదావరీతీరమున నీ ప్రశ్నకు బలమెక్కువ. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925లో మశూచికముచే మరణించెను. బొంబాయి చిత్రకళాశాలలో చదివి, స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పి, 'సిద్ధార్థ రాగోదయము', 'పుష్పాలంకారము' మొదలగు చిత్రములను వ్రాసిన యాతనికి ఇరువదియెనిమిది సంవత్సరములైనను నిండలేదు. ఆతని పేరిట రాజమహేంద్రవరమున వెలసిన చిత్రశాలయందున్నవి మఱల వ్రాయించుకొన దగినవి కావు. కావ్యమునకు ప్రత్యంతరములుండును, ఒక ప్రతి నశించినను మఱియొక ప్రతివలన పాఠమును సాధింపవచ్చును. చేతివ్రాత చిత్రమునకు ప్రత్యంతరము లేదు. పరిష్కర్తకు గల యీ యూఱట చిత్రరక్షకునకు లేదు.

వఱదలును గాలివానలును గల దేశమగుటచే నొక్కమాట చెప్పి ముగింతును. 1986నాటి గోదావరి వఱదలోను, 1996 నవంబరునాటి కోనసీమ పెనుగాలిలోను ఇండ్లలోని కాగితములెన్నియో తడిసినవి. తడిసిన పటమును ఎండలో నిలుపరాదు. రెండు దినములలో బూజు పుట్టును గనుక వెంటనే చట్రమునుండి తీసి, నీడపట్టున, గాలియాడుచోట, తెల్లని గుడ్డమీద పరుండబెట్టి ఆఱనీయవలెను. రంగును తుడువరాదు. అద్దమున కంటుకొన్నదానిని మాత్రము లాగరాదు. అద్దముతోనే యుంచి, ముందుగా దానికి ఛాయాచిత్రము తీయించి, నిపుణుడు దొఱకువఱకు వేచియుండవలెను.

మా తాతగారి బొమ్మను మేమట్లే యుంచితిమి. ఆ యద్దమును వదలదీయ యత్నింపలేదు. వెనుకనున్న యట్టను గోరుటకును సాహసింపలేదు. ఆ రెండు పద్యము లింకను అందున్నవి. చదువ వీలు లేకున్నవి, అంతియ. పాఠశాలలందలి పండితు లీ సెలవులలో తమ బడి గోడలమీది పటముల నొక్కమాఱు దింపి, వెనుక నేమి వ్రాసియున్నదో, అడుగున నెవరి పేరులున్నవో చూచి, వేఱొక కాగితమున నెత్తి వ్రాసికొందురుగాక. శాసనమునకు ప్రతి తీయు శ్రమలో నది శతాంశమైన గాదు; కాని యట్టి పటములు కొన్నింటికి గడువు మఱియొక వర్షాకాలమే కావచ్చును.